మ్యూజిక్ వీడియోల మీద రాయబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

నువ్వు పంపిన రెండు రివ్యూలూ చదివాను. పాప్ పాటల వీడియోల మీద వరసగా రాస్తానన్నావు, ఎలా రాయాలో చెప్పమన్నావు. చాలా సంతోషం. సినిమాల మీద రాసేవాళ్లు మనకు వీధికొకరు ఉన్నారు. నాలుగు నిమిషాల పాటనీ, దాని వీడియోనీ కలిపి శ్రద్ధగా చూసి, అవి రెండూ ఒకదానికొకటి నప్పాయా లేదా అని రాసేవాళ్లు మాత్రం తక్కువ. ఎడిటింగ్ టేబుల్ ముందు ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు వీడియో చూడకుండా పాట విను. ఫోన్ బోర్లా పెట్టేసి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రెండు మూడుసార్లు విను. ఒకసారి బొమ్మ చూశాక ఆ పాట నీకు మళ్లీ విడిగా దొరకదు, కళ్లు మూసుకున్నా ఆ మొహాలే వస్తాయి. వింటున్నప్పుడే ఒక కాగితం మీద రాసుకో: పాడుతున్నది ఎవరు, ఎవరితో చెబుతున్నారు, ఇప్పుడు ఏ పరిస్థితిలో ఉన్నారు. గాయకుడి పేరు కాదు నేనడిగేది, పాటలో మాట్లాడుతున్న మనిషి సంగతి. వదిలేసి వచ్చినవాడా, వదిలించుకోలేకపోతున్నవాడా? ఇంకా ఆశ ఉందా, అయిపోయిందని తెలిసిపోయిందా? వీడియో తీసినవాళ్లు ఆ మనిషిని గుర్తుపట్టారా లేదా అన్నదే నా లెక్కలో అసలు ప్రశ్న. గుర్తుపడితే, పాటలో లేనివి ఎన్ని చూపించినా చెల్లుతుంది. గుర్తుపట్టకపోతే ఎంత అందంగా తీసినా పాట ఒక దారిన, బొమ్మ ఒక దారిన పోతాయి.

నీ మొదటి రివ్యూలో "లిరిక్స్‌లో ఉన్నదేదీ వీడియోలో కనపడలేదు" అని మార్కులు తగ్గించావు. అది సరైన కొలత కాదమ్మా. వాన అనగానే వాన, గాజులు అనగానే గాజులు చూపించడం కష్టమేమీ కాదు. చెవికి ఒకసారి తెలిసినదాన్నే కంటికి మళ్లీ చెప్పడం వల్ల పాటకు కొత్తగా వచ్చేదీ లేదు.

2000లో వచ్చిన కోల్డ్‌ప్లే అనే బ్రిటిష్ బ్యాండ్ 'ఎల్లో' వీడియో తీసి చూడు. పాట పేరే పసుపు. తెర మీద పసుపు కోసం వెతికితే ఏమీ దొరకదు. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో డోర్సెట్‌లోని స్టడ్‌లండ్ బే అనే సముద్రతీరం, తెల్లవారేముందు చీకటి, తడి ఇసుక. బ్యాండ్ గాయకుడు క్రిస్ మార్టిన్ ఒక్కడే కెమెరా వైపు నడుస్తూ పాడతాడు. మొదటి నుంచి చివరిదాకా ఒకే షాట్. ఎండలో, చాలామంది జనంతో తీద్దామనుకున్నారు. వాతావరణం సహకరించక ఇలా తీయాల్సి వచ్చింది. కానీ ఆ పాట విను: తన ప్రేమ చెప్పడానికి గొప్ప మాటలేవీ దొరక్క, దొరికిన మాటతోనే సర్దుకుంటున్న కుర్రాడి గొంతు అది. అలాంటివాడి చుట్టూ ఎండా, డాన్సర్లూ ఉంటే వాడు మనకు కనపడడు. తడిసిపోయి, ఒంటరిగా, కొంచెం సిగ్గుగా నవ్వుకుంటూ నడిచే మనిషైతే ఇట్టే తెలిసిపోతాడు. పాట సాగేకొద్దీ అతని వెనక వెలుతురు వస్తుంది. పసుపు అన్న మాటకు ఆ వెలుతురు చాలు.

ఇంకో సంగతి గమనించు. అలలు నెమ్మదిగా వస్తున్నాయి, జుట్టు నెమ్మదిగా ఎగురుతోంది, కానీ పెదాలు మాత్రం పాటతో సరిగ్గా కలుస్తున్నాయి. సెకనుకు 50 ఫ్రేములు తీస్తూ, అక్కడ పాటను రెట్టింపు వేగంతో వేశారు. అతనూ అంతే వేగంగా పాడుతూ నడిచాడు. దాన్ని మామూలు వేగానికి తెస్తే పెదాలు పాటతో కలుస్తాయి, మిగతా లోకమంతా నెమ్మదిస్తుంది. మనవాళ్లు కూడా ఒకప్పుడు నాగ్రా అనే టేప్ రికార్డర్ మీద పాటను పరిగెత్తించి ఇలా తీసేవాళ్లు. రివ్యూలో "స్లో మోషన్ బాగుంది" అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ అందదు. మాట మామూలుగా వస్తూ, లోకం నెమ్మదించడం వల్ల ఆ కుర్రాడి మనసు ఎలా తెలిసిందో రాయి. అప్పుడు నీ వాక్యం చదివి వాళ్లు మళ్లీ వెళ్లి చూస్తారు.

ట్యూన్ తియ్యగా ఉన్నంతమాత్రాన పాటలోని మనిషి మంచివాడని అనుకోకు. 'ద పోలీస్' అనే పేరున్న బ్రిటిష్ రాక్ బ్యాండ్ 1983లో విడుదల చేసిన 'ఎవ్రీ బ్రెత్ యూ టేక్'ను జనం ప్రేమగీతం అనుకుని పెళ్లిళ్లలో కూడా వేసుకున్నారు. మాటలు జాగ్రత్తగా వింటే, ఒక మనిషి వేసే ప్రతి అడుగునూ కనిపెట్టి చూస్తున్న ఇంకో మనిషి పాట అది. దాన్ని రాసి పాడిన స్టింగ్ కూడా అది హాయైన పాట కాదనే చెప్పాడు. గాడ్లీ, క్రీమ్ అనే దర్శకుల జంట ఆ వీడియోను నలుపు తెలుపుల్లో తీసింది. బ్యాండ్ చీకట్లో వాయిస్తూ ఉంటుంది. వెనక చాలా ఎత్తైన కిటికీ, ఆ కిటికీ అద్దాలు తుడుస్తున్న మనిషి ఒకడు. గదిలో ఎవరూ అతని వైపు చూడరు. ఆ షాట్ వచ్చినప్పుడల్లా పాటలోని కన్ను అక్కడే ఉందనిపిస్తుంది నాకు. వీడియో కథేమీ చెప్పలేదు, పాటలోని భయాన్ని మాత్రం వదిలిపెట్టలేదు.

ఖర్చు విషయం. "రిచ్‌గా తీశారు", "బడ్జెట్ కనపడుతోంది" అన్న మాటలు నీ రెండో రివ్యూలో మూడు చోట్ల ఉన్నాయి. వాటిని తీసెయ్. ఐరిష్ గాయని షినేడ్ ఓకానర్ 1990లో పాడిన 'నథింగ్ కంపేర్స్ టు యూ' వీడియో చూస్తే ఎందుకంటున్నానో తెలుస్తుంది. ఆ పాట అమెరికన్ గాయకుడు ప్రిన్స్ రాసింది. 1985లో 'ద ఫ్యామిలీ' అనే అతని బృందం రికార్డులో వచ్చినప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. షినేడ్ వీడియోను జాన్ మేబరీ తీశాడు. పారిస్ దగ్గర సెయింట్ క్లౌడ్ పార్కులో నల్ల కోటు వేసుకుని ఆమె నడిచే షాట్లు కొన్ని ఉన్నాయి. మిగతాదంతా ఆమె మొహమే. వెనక చీకటి, నున్నగా గీసుకున్న తల, నేరుగా మనల్ని చూసే కళ్లు. చివర్లో, తల్లి పెరట్లో నాటిన పూలన్నీ వాడిపోయాయన్న మాట దగ్గర ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది. 1985లో చనిపోయిన తన తల్లి గుర్తొచ్చిందని తర్వాత ఆమే చెప్పింది. రెండు చెంపల మీదా చెరో కన్నీటి చుక్క జారుతుంది.

ఎడిటర్‌గా చెబుతున్నాను విను. అలాంటి టేక్ చేతికొచ్చినప్పుడు కట్ చేసి ఇంకో షాట్‌కు పోకుండా ఉండటానికే ధైర్యం కావాలి. పార్కు షాట్లు చేతిలో ఉన్నాయి, అందంగా కూడా ఉన్నాయి. అయినా ఆ చుక్క జారే సమయంలో మనల్ని ఆ మొహం ముందు నుంచి కదలనివ్వలేదు. పాటలో మాట్లాడుతున్న మనిషి ఎవరితో చెబుతోంది? ఎదురుగా లేని మనిషితో. ఆ లేని మనిషి చోట మనల్ని కూర్చోబెట్టింది ఆ క్లోజప్. నప్పడం అంటే అదీ.

డబ్బున్న వీడియో చెడ్డదని నేననడం లేదు. దర్శకుడు మార్క్ రోమనెక్ 1995లో మైకేల్ జాక్సన్, జానెట్ జాక్సన్‌లతో 'స్క్రీమ్' తీశాడు. దానికి 70 లక్షల డాలర్లు అయిందని గిన్నిస్ వాళ్లు లెక్క రాసుకున్నారు. పత్రికలూ, జనమూ వేధిస్తున్నారని అరిచే పాట అది, కాబట్టి మనుషుల్లేని అంతరిక్ష నౌకలో అన్నాచెల్లెళ్లను పెట్టడం సరిగ్గా సరిపోయింది. అదే రోమనెక్ 2003లో అమెరికన్ కంట్రీ గాయకుడు జానీ క్యాష్ పాడిన 'హర్ట్' తీశాడు, ముసలాయన సొంత ఇంట్లో, మూతపడిన ఆయన మ్యూజియంలో. ఈ ఒక్క వీడియో మీద నువ్వు నెల రోజులు కూర్చున్నా తప్పులేదు.

'హర్ట్' ట్రెంట్ రెజ్నర్ రాసిన పాట. 1994లో అతని బ్యాండ్ నైన్ ఇంచ్ నెయిల్స్ ఆల్బమ్‌లో వచ్చింది. తన్ను తానే పాడుచేసుకుంటున్న ఒక యువకుడి పాట. వాళ్ల సొంత వీడియో కచేరీలో తీసింది, ముందు తెర మీద కుళ్లిపోతున్న జంతువులూ, యుద్ధ దృశ్యాలూ కదులుతుంటాయి. అతని వయసుకూ, అతని కోపానికీ అది సరైనదే. క్యాష్ దాన్ని పాడేసరికి ఆయనకు డెబ్బై దాటాయి. మాటలు దాదాపు అవే, మాట్లాడే మనిషి మారిపోయాడు. ఇప్పుడది ముగింపు దగ్గర నిలబడి వెనక్కి చూసుకునే మనిషి పాట. రోమనెక్ ఆ తేడాను పట్టుకున్నాడు. క్యాష్ యువకుడిగా ఉన్నప్పటి పాత ఫిల్ములూ, ఇప్పటి వణికే చేతులూ పక్కపక్కన పెట్టాడు. మెట్ల మీద నిలబడి ఆయన భార్య జూన్ కార్టర్ క్యాష్ ఆయన వైపు చూసే షాట్ ఒకటుంది. ఆ చూపులో ఉన్న భయాన్ని ఏ నటీ చేయలేదు. 2003లోనే, మే నెలలో ఆమె, సెప్టెంబర్‌లో ఆయన వెళ్లిపోయారు. ఆ వీడియో చూశాక ఇక ఆ పాట నాది కాదనిపించిందని రెజ్నరే అన్నాడు.

అందుకే కవర్ పాటల మీద, అంటే ఒకరి పాటను ఇంకొకరు పాడినవాటి మీద, రాసేటప్పుడు "ఒరిజినల్‌లా లేదు" అనకు. గొంతు మారితే మనిషి మారతాడు, ఆ కొత్త మనిషికి వీడియో నప్పిందా అని చూడు.

ఇక కట్స్ సంగతి. పాట విన్నాక, మామూలుగా ఒకసారి చూశాక, మూడోసారి మ్యూట్ చేసి చూడు. యూట్యూబ్‌లో వేగాన్ని సగానికి తగ్గించి చూడు. కంప్యూటర్ మీదైతే ఆపి, కామా, ఫుల్‌స్టాప్ కీలతో ఒక్కో ఫ్రేమూ జరుపుకోవచ్చు. కట్ ఎక్కడ పడుతోంది? ప్రతి బీట్ మీదా ఠంచనుగా కట్ వేస్తే పల్లవి పూర్తయ్యేలోపే కన్ను అలసిపోతుంది. పాడేవాళ్లు ఊపిరి పీల్చుకునే చోట, మాట పూర్తయిన తర్వాత అర క్షణం ఆగి కట్ చేసేవాళ్లు పాట విన్న ఎడిటర్లు. ఇంటర్‌లూడ్‌లో ఏం చేశారో కూడా చూడు. పాడేవాళ్లు లేనప్పుడు ఏం చూపించాలో తెలియక డాన్స్ బిట్ అతికించేస్తే తెలిసిపోతుంది.

మన దేశంలో పాప్ వీడియోల మీద రాయాలంటే 'మన్ కే మంజీరే' చూడకుండా రాయొద్దు. 2000 ప్రాంతంలో వచ్చింది. శుభా ముద్గల్ గొంతు, శంతను మొయిత్రా సంగీతం, ప్రసూన్ జోషీ మాటలు. పాటలో ట్రక్కూ లేదు, భర్త కొట్టడమూ లేదు, మనసు మువ్వలు మోగుతున్నాయన్న ఆనందమే ఉంది. వీడియోలో నటి మీతా వశిష్ఠ్ పాత్ర, హింసించే భర్తను వదిలేసి, ట్రక్కు నడుపుకుంటూ బతికే ఆడమనిషి. నిజంగా జరిగిన ఒకామె కథ ఆధారంగా తీశారు. వీడియో చూడకముందు అది ఏ కారణమూ చెప్పని సంతోషం. చూశాక ఆ సంతోషం ఆమె ఎంత ఖరీదు పెట్టి తెచ్చుకుందో తెలుస్తుంది. పాటలో లేని కథ పెట్టీ పాటను పెద్దది చేసిన వీడియో అది.

సినిమా పాటల జోలికి ఇప్పుడే పోకు. అక్కడ పాట ముందూ వెనకా కథ ఉంటుంది, పాత్ర ముందే తెలుసు, కొలత వేరు. లిరికల్ వీడియోలు ప్రచారం కోసం వేసేవి, వాటి మీద సమయం పెట్టకు. వ్యూస్ కోట్లలో ఉన్నాయా వేలల్లో ఉన్నాయా అన్నది రివ్యూలో రాయాల్సిన పనే లేదు.

ఇప్పుడు నీ రెండో రివ్యూకి వస్తాను. తెలంగాణ జానపదం, పండక్కి పుట్టింటికి పంపమని అత్తను అడిగే కోడలి పాట. నువ్వు "డ్రోన్ షాట్స్ అదిరిపోయాయి, లొకేషన్స్ సూపర్" అన్నావు. మళ్లీ చూడు. అత్త గడప దగ్గర నిలబడి, గొంతు తగ్గించుకుని, ఏమంటుందోనని టెన్షన్ పడుతూ అడిగే పిల్ల ఆమె. పల్లవి వచ్చిన ప్రతిసారీ కెమెరా పొలాల మీద అంత ఎత్తుకు పోతే ఆ పిల్ల అడిగేది ఎవరికి వినపడుతుంది? రెండో చరణంలో ఒక చోట మాత్రం, బియ్యం చెరుగుతున్న చేట ఆపి ఆమె తలెత్తి చూస్తుంది. వీడియో మొత్తంలో పాటతో కలిసిన షాట్ అదొక్కటే. నువ్వు దాని గురించి ఒక్క మాట కూడా రాయలేదు.

ఇది రాసేటప్పుడు వెక్కిరింపు మాత్రం వద్దు. ఊళ్లో నలుగురు కుర్రాళ్లు అద్దె కెమెరాతో, తెల్లవారుజాము వెలుతురు పోకముందే తీయాలని పరిగెత్తి తీసిన వీడియోలు ఇవి. డ్రోన్ ఎందుకు కుదరలేదో చెప్పు, చేట షాట్ ఎందుకు కుదిరిందో ఇంకా వివరంగా చెప్పు. డిస్క్రిప్షన్‌లో కెమెరామన్, ఎడిటర్, కొరియోగ్రాఫర్ పేర్లు ఉంటాయి, నటించినవాళ్ల పేర్లతో పాటు వాళ్లవీ తప్పకుండా రాయి. ఆ చేట షాట్ తీసినవాడికి తన పని ఒకరు చూశారని తెలియాలి.

చివర్లో ఐదుకు మూడుంపావు అని వేసిన మార్కులు తీసెయ్. ఆ రివ్యూని మళ్లీ రాసి ఆదివారం లోపు పంపు, చదివి ఫోన్ చేస్తాను. మొదటి వాక్యంలో లొకేషన్ వద్దు, ఆ కోడలు ఉండాలి.

ఆశీస్సులతో,
మామయ్య