హిచ్ బిగించే ముందు ఒక మాట

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కారు వెనక ట్రెయిలర్ తగిలించుకునే ఇనుప చట్రం, అదే ట్రెయిలర్ హిచ్, ఇంట్లోనే బిగించుకుంటానన్నావు. నిక్షేపంగా బిగించుకో అమ్మలూ. నీ మోడలు కోసమే చేసిన హిచ్, ఛాసిస్‌కు ముందే ఉన్న రంధ్రాల్లో కూర్చునేది దొరికితే, పనిముట్లు పట్టడం వచ్చినవాళ్ళకు అది ఒక పూట పని. అలాంటిది దొరక్కపోతే మాత్రం వెల్డింగ్ జోలికి పోవద్దు. పెట్రోలు ట్యాంకు ఆ దగ్గర్లోనే ఉంటుంది, పైగా వేడి తగిలిన చోట ఛాసిస్ బలం తగ్గిపోతుంది.

కొనేముందు కారు మాన్యువల్ తియ్యి. ట్రెయిలర్ ఎంత బరువుండొచ్చో, దాని ముక్కు హిచ్ మీద ఎంత బరువు మోపొచ్చో రెండూ అందులో చూసుకో. కొన్ని కార్లతో అసలు లాగకూడదనే రాసి ఉంటుంది, అలా ఉంటే ఆ ఆలోచన అక్కడితో మానుకో. హిచ్ మీద 1,500 కిలోలని ముద్ర ఉన్నంత మాత్రాన కారు అంత లాగదు. కారు, హిచ్, ట్రెయిలర్ ముక్కు కూర్చునే గుండు (బాల్), దాన్ని మోసే కమ్మీ (బాల్ మౌంట్), వీటిలో ఏది అన్నిటికన్నా తక్కువ మోస్తుందో ఆ అంకే నీది. ముక్కు బరువు ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలని అమెరికాలో లెక్క కడతారు. యూరప్‌లో అంతకన్నా తక్కువే ఉంచుతారు. నువ్వు మాత్రం మాన్యువల్ ఏం చెబితే అదే పాటించు.

ఇంజను ఆపి, సైలెన్సర్ పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టు. చదునైన గట్టి నేల చూసుకో, ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్కలు అడ్డం పెట్టు, జాకీతో లేపాక జాక్ స్టాండ్ల (కారును మోసే ఇనుప కాళ్ళ) మీద దించు. స్టాండ్ల మీద కూర్చున్న కారును గట్టిగా ఊపి చూసి, కదలకపోతేనే కిందికి దూరు. వట్టి జాకీ మీద నిలబడ్డ కారు కిందికి తల కూడా పెట్టకు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

చాలా కార్లలో సైలెన్సర్ వెనక భాగాన్ని కాస్త దించాల్సి వస్తుంది. దాన్ని వేలాడదీసే రబ్బర్లకు సబ్బునీళ్ళు పూస్తే సులువుగా జారి వచ్చేస్తాయి. తీసే ముందే కింద ఒక తాడు కట్టుకో, లేకపోతే బరువంతా ముందున్న అతుకు మీద పడుతుంది.

ఇక అసలు పని బోల్టుల మరల దగ్గర. ఛాసిస్ లోపల వెల్డు చేసి ఉన్న నట్లలో ఏళ్ళ తరబడి బురద, తుప్పు పేరుకుని ఉంటాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలెయ్యి. పొద్దున్న సన్నని గొట్టపు బ్రష్ లోపల తిప్పి, బోల్టును చేత్తో ఎక్కించి చూడు. రెండు చుట్లు తిరిగి మొరాయిస్తే వెనక్కి తీసి మళ్ళీ శుభ్రం చెయ్యి. మొండికేసిన బోల్టు మీద పానాతో బలం చూపించావంటే లోపలి నట్టు ఊడి బోల్టుతో పాటే తిరుగుతుంది. అప్పుడు దాన్ని పట్టుకోవడానికి చెయ్యి దూరే దారి ఉండదు, ఛాసిస్ కోయాల్సిందే. శుభ్రం చేశాక ఆ నూనెంతా తుడిచెయ్యాలి. హిచ్‌తో వచ్చిన కాగితంలో టార్క్, అంటే బోల్టును ఎంత బలంతో తిప్పి బిగించాలో ఆ లెక్క, నూనె లేని పొడి మరకు రాసి ఉంటే, నూనె తడి మీద అంతే బిగించినా బోల్టు మోతాదు మించి సాగుతుంది.

నట్లు లేని చోట బోల్టును బోలుగా ఉన్న ఛాసిస్ లోపలి నుంచి కిందికి దింపాలి. దానికి కొస స్ప్రింగులా చుట్టిన తీగ హిచ్‌తో పాటే ఇస్తారు. తీగ స్ప్రింగు కొసను బోల్టు రావాల్సిన రంధ్రంలోంచి దూర్చి, పక్కనున్న పెద్ద రంధ్రంలోంచి బయటికి లాగు. ఆ కొసకు ముందుగా అడ్డపలక (బోల్టు తల కింద ఉండే లోహపు పలక) ఎక్కించి, తర్వాత స్ప్రింగులో బోల్టు తిప్పి, మెల్లగా లోపలికి లాక్కో. బోల్టు మర కిందికి కనబడ్డాక కూడా తీగ తీయొద్దు. హిచ్ ఎత్తి పెట్టాకే తీగ విప్పి నట్టు ఎక్కించు. ముందే విప్పితే బోల్టు లోపలికి జారిపోతుంది.

హిచ్ 15, 20 కిలోలైనా ఉంటుంది. ఒక్కదానివే ఎత్తకు, ఇంకొకరిని పిలుచుకో. ఒకరు మోస్తుంటే ఇంకొకరు అన్ని బోల్టులూ చేత్తో పట్టించాలి. చివరి బోల్టు కూడా ఎక్కేదాకా దేన్నీ బిగించొద్దు. ఒక పక్క బిగించేస్తే రెండో పక్క రంధ్రాలు కలవవు. తర్వాత ఆ పక్కా ఈ పక్కా కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రా. ఆఖరి బిగింపు టార్క్ రెంచితోనే, కాగితంలో ఎంతుంటే అంతే. బోల్టులను గట్టిగా తిప్పి బిగించే ఇంపాక్ట్ గన్‌తో ముగించినవాళ్ళకు ఎంత బిగిసిందో తెలియదు.

ట్రెయిలర్ లైట్ల వైర్ల పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసెయ్యి. ఇప్పటి కార్లలో టెయిల్ లైటు వైరు కోసి అతికిస్తే కంప్యూటర్ తికమక పడుతుంది. కారు లైట్ల సంకేతాన్ని ట్రెయిలర్ లైట్లకు అందించే కన్వర్టర్, నీ మోడలుకు సరిపోయేది కొని, ఉన్న ప్లగ్గుల మధ్య పెట్టు. దానికి బ్యాటరీ నుంచి వేరే లైను వేస్తే ఫ్యూజు బ్యాటరీ దగ్గరే ఉండాలి. ఎర్త్ పెట్టే చోట రంగు గీకి, మెరిసే ఇనుము మీదే బిగించు. ట్రెయిలర్ లైట్లు మిణుకుమిణుకుమంటే ముందు అనుమానించాల్సింది ఎర్త్‌నే.

అంతా అయ్యాక ప్రతి బోల్టు తలమీద నుంచి హిచ్ మీదకు ఒక తెల్ల పెయింటు గీత గియ్యి. బోల్టు కదిలితే గీత విరిగి కనబడుతుంది. మొదటిసారి బరువు లాగి, 80 కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచి మళ్ళీ పెట్టి చూడు. ట్రెయిలర్‌లో సామాను సగానికి పైగా ఇరుసుకు ముందువైపే ఉండాలి. వెనక బరువెక్కువైతే వేగం పెరిగేకొద్దీ ట్రెయిలర్ తోక ఊపుతుంది. ఊపడం మొదలైతే స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద కాలు తియ్యి, కారు బ్రేకు గట్టిగా తొక్కకు. ఊపు ఆగాక బండి పక్కకు తీసి, సామాను ముందుకు సర్దుకుని బయల్దేరు.

మీ మామయ్య