విగ్రహం సంగతి తర్వాత, ముందు బియ్యం బస్తాలు

మీ ఊరి కబడ్డీ ఆటగాడి పేరిట ఏటా ఒక వేడుక జరపాలనుకుంటున్నామంటూ, విగ్రహం పెట్టాలా, సభ చేయాలా అని అడిగారు. మేము రెండో దానితో మొదలుపెట్టి చేతులు కాల్చుకున్నాం.

మాది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర పల్లె. కరణం మల్లీశ్వరి గారి ఊసవానిపేట మాకు కూతవేటు దూరం. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ (బరువులెత్తే పోటీ) 69 కిలోల విభాగంలో ఆమె కాంస్యం గెలిచినప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ మన పక్క ఊరి మనిషి అంటే ఆ వయసులో ఎలా ఉంటుందో ఊహించుకోండి.

కొన్నేళ్ల క్రితం మా బడి పూర్వ విద్యార్థులం ఆ తేదీన సభ పెట్టాం. చందాల్లో ముప్పాతిక వంతు ఫ్లెక్సీలకు, శాలువాలకు, పందిరికి పోయింది. ప్రసంగాలు రెండు గంటలు సాగాయి. చివర్లో ఒక పాపను మల్లీశ్వరి గారు ఏ ఆటలో గెలిచారమ్మా అని అడిగితే "పరుగు పందెం" అంది. పాప తప్పేమీ లేదు. అంతసేపూ వేదిక మీద ఒకరినొకరు పొగుడుకున్నామే గాని ఆ ముక్క ఎవరమూ చెప్పలేదు.

మరుసటి ఏడు మైకు మానేశాం. పాతిక కిలోల బియ్యం బస్తాలు ఐదు, ఐదు కిలోల సంచి ఒకటి కిరాణా కొట్టులో అరువడిగి తెచ్చి వరండాలో పేర్చాం. మొత్తం 130 కిలోలు: క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే ముందు భుజాల దాకా, ఆపైన తల మీదికి ఎత్తే పద్ధతిలో, ఆమె ఎత్తిన బరువు. ఒక్క ఊపులో తల మీదికి ఎత్తే స్నాచ్‌లో 110 ఎత్తారు కనుక రెండూ కలిపి 240. ఒక్క బస్తా జరపడానికే ముగ్గురు పిల్లలు ఆయాసపడ్డారు. అప్పుడు అసలు కథ చెప్పాం. స్వర్ణ, రజత విజేతలిద్దరూ ఎత్తింది 242.5. క్లీన్ అండ్ జెర్క్ చివరి ప్రయత్నంలో ఆమె ఏకంగా 137.5 కిలోలకు వెళ్లారు, అందలేదు. కాస్త తక్కువ బరువు అడిగి ఉంటే పతకం రంగు మారేదేమోనని మా టీకొట్టు దగ్గర నేటికీ తగవే. పిల్లలు మాత్రం గెలిచిన బరువును వదిలేసి, ఆ అందని బరువు గురించే ప్రశ్నలు వేశారు.

మీరైతే బడి ఆవరణలో ముగ్గుపిండితో కోర్టు గీయండి. మీ ఆటగాడితో కలిసి ఆడినవాళ్లను పిలిచి పిల్లల చేత కూత పెట్టించండి. విగ్రహం డబ్బులు మిగిలితే చూసుకోవచ్చు.

అన్నట్టు, బస్తాలు అరువు తెస్తే కింద గోనెపట్టా పరవండి. మాది ఒకటి చిరిగి, దాని ఖరీదు మేమే కట్టాల్సి వచ్చింది.