హ్యూమ్ తర్వాత ఏ కోర్సు?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది తెనాలి. ఢిల్లీలో బీఏ ఆనర్స్ ఫిలాసఫీ మూడో ఏడాది చదువుతున్నాను. వచ్చే సెమిస్టర్‌కి నాలుగు ఎలెక్టివ్‌లలో రెండు ఎంచుకోవాలి: సింబాలిక్ లాజిక్ (గుర్తులతో చేసే తర్కం), జర్మన్ తత్వవేత్త కాంట్, అన్నంభట్టు తర్కసంగ్రహం, అప్లైడ్ ఎథిక్స్. పోయినేడు చదివిన తత్వవేత్తల్లో స్కాట్లండ్‌కి చెందిన డేవిడ్ హ్యూమ్ ఒక్కడే నన్ను వదలడం లేదు. కాంట్ తీసుకుంటే మార్కులు పోతాయంటున్నారు సీనియర్లు. సివిల్స్‌కి పనికొచ్చేది చూసుకోమంటున్నాడు మావయ్య. నాకు ఎంఏ చెయ్యాలనుంది. సంస్కృతం రాదు. ఏం తీసుకోమంటారు?
- ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, హ్యూమ్ నిన్ను వదలడం లేదన్నావు చూడు, నీ ఉత్తరంలో అసలు సంగతి అదే. ఈ దశలో కోర్సుల పేర్లు కాదు, నిన్ను పట్టుకున్న ప్రశ్న ఏదో చూసుకోవాలి. ఇన్నాళ్లూ జరిగింది కాబట్టి రేపూ అలాగే జరుగుతుందని ఏ ఆధారంతో అంటున్నాం? 1748లో వచ్చిన ‘ఎంక్వైరీ’లో హ్యూమ్ అడిగింది ఇదే కదా. ఆ ప్రశ్నను పట్టుకుని ముందుకు తీసుకెళ్లే కోర్సులు నీ జాబితాలో రెండున్నాయి. కాంట్ తీసుకో, తర్కసంగ్రహం తీసుకో.

పరీక్షించకుండా సిద్ధాంతాల్ని నమ్మే తన నిద్ర వదలగొట్టింది హ్యూమేనని కాంట్ 1783లో ‘ప్రొలెగోమెనా’ ముందుమాటలో స్వయంగా రాసుకున్నాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ చూడు. ఒక ఇంటిని చూస్తున్నావు. పైకప్పు నుంచి పునాది దాకా చూడొచ్చు, పునాది నుంచి పైకీ చూడొచ్చు, వరస నీ ఇష్టం. అదే ఏటి వాలున పోతున్న పడవైతే ముందు ఎగువన కనిపిస్తుంది, ఆ తర్వాతే దిగువన. ఆ వరసను నువ్వు తిరగెయ్యలేవు. ఏదో ‘జరిగింది’ అని చెప్పగలుగుతున్నామంటేనే అందులో కార్యకారణ నియమం ఇమిడి ఉందంటాడు కాంట్. ఇది హ్యూమ్‌కి నిజంగా సమాధానమా, లేక ప్రశ్నను పక్కకు జరపడమా? నేను పాఠం చెప్పే రోజుల్లో క్లాసు ఇక్కడే రెండుగా చీలిపోయేది. హ్యూమ్‌ని చదివి ఏడాది తిరక్కుండా కాంట్ దగ్గరికి వెళ్లడం ఒక అదృష్టం. ఎంఏ దాకా ఆగితే ఆ వేడి ఉండదు.

ఇక తర్కసంగ్రహం. న్యాయ వైశేషికాలనే మన పాత తర్క, తత్వ దర్శనాలకు ప్రవేశగ్రంథం ఇది. చిన్న పుస్తకమని తేలిగ్గా తీసుకోకు. అన్నంభట్టు పదిహేడో శతాబ్దపు మన ఆంధ్రుడు. తన పుస్తకానికి తానే ‘దీపిక’ అనే వ్యాఖ్య రాసుకున్నాడు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న వ్యాప్తి (ఎక్కడా తప్పని సంబంధం) మనకెలా తెలుస్తుంది? పదేపదే చూడటం వల్లనా? చాలదంటుంది దీపిక. మట్టితో అయిన ప్రతిదాన్నీ ఇనుము గీస్తుందని వందసార్లు చూసినా, వజ్రం దగ్గర ఆ నియమం తప్పుతుంది. (న్యాయ దర్శనం వాళ్ల లెక్కలో వజ్రం కూడా పార్థివమే, అంటే మట్టితో అయినదే.) మరి ఎన్నిసార్లు చూస్తే చాలు? రెండు విషయాలు కలిసి ఉండటం చూడాలి, వ్యభిచారం, అంటే ఆ నియమం తప్పిన సందర్భం, ఎక్కడా కనపడకూడదు, అప్పటికీ సందేహం మిగిలితే తర్కంతో తొలగించుకోవాలి. ఇదీ దీపిక జవాబు. హ్యూమ్ దీనికి ఒప్పుకునేవాడా? టర్మ్ పేపర్‌కి ఇంతకంటే మంచి విషయం నేను చెప్పలేను.

సంస్కృతం రాదని భయపడకు. ఆథల్యే, బోడస్‌ల పాత బొంబాయి ముద్రణలో ఇంగ్లీషు అనువాదం, విపులమైన నోట్సు ఉన్నాయి. సూత్రాలు పొట్టివి. రోజుకు రెండు మూడు మూలంలోనే బిగ్గరగా చదువుకో, నెల తిరిగేసరికి పారిభాషిక పదాలు వాటంతటవే పట్టుబడతాయి.

సింబాలిక్ లాజిక్ వద్దనడం లేదు. ‘ప్రతి ఒక్కరికీ ఒక తల్లి ఉంది’, ‘అందరికీ తల్లి అయిన మనిషి ఒకరున్నారు’, ఈ రెండు వాక్యాలకూ తేడా ఎక్కడుందో గుర్తుల్లో పెట్టి చూపించే పద్ధతి 1879లో జర్మన్ తార్కికుడు ఫ్రేగె పుస్తకంతో వచ్చింది. ఎంఏకి అది తప్పనిసరిగా కావాలి. అధ్యాపకుల అనుమతి అడిగి వెనక బెంచీలో కూర్చుని విను, లెక్కలు మాత్రం రోజూ చెయ్యి. అప్లైడ్ ఎథిక్స్ నీ అంతట నువ్వు చదువుకోగలవు.

మీ మావయ్యకు ఈ మాట చెప్పు: సివిల్స్ ఫిలాసఫీ ఆప్షనల్ మొదటి పేపర్ సిలబస్‌లో కాంటూ ఉన్నాడు, న్యాయ వైశేషికాలూ ఉన్నాయి. ఇక మార్కులంటావా, కాంట్‌లో పోయేది ఎక్కువగా గైడు పుస్తకాలు బట్టీ పట్టినవాళ్లకే. వారానికి ఐదారు పేజీలు మూలం చదివి, ఒక పేజీ నీ మాటల్లో రాసుకుంటే నీకు ఆ బెంగ అక్కర్లేదు.

ఆప్షన్ ఫారం ఇచ్చేలోపు కాంట్ చెప్పే అధ్యాపకుల్ని కలిసి, క్లాసులో మూలగ్రంథం చదివిస్తారా, నోట్సు చెబుతారా అని అడుగు. నోట్సే అయితే కాంట్ బదులు లాజిక్ రాసెయ్, కాంట్‌ని సెలవుల్లో ‘ప్రొలెగోమెనా’తో నువ్వే మొదలుపెట్టు. తర్కసంగ్రహాన్ని మాత్రం వదులుకోకు.