బరాత్ గుర్రాన్ని ఇంటికి తెచ్చుకుంటున్న సుమతికి

చిరంజీవి సుమతికి పెదనాన్న ఆశీస్సులు.

పెళ్ళి ఊరేగింపుల్లో తిప్పి తిప్పి వదిలేసిన ఆ తెల్ల ఆడగుర్రాన్ని చేవెళ్ళ దగ్గర మీ తోటకు తెచ్చుకుంటున్నావని నాన్న ఫోన్లో చెప్పాడు. నువ్వు పంపిన ఫోటోలు చూశాను. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, తుంటి ఎముకలు పొడుచుకొచ్చాయి. "చాలా సాధువు పెదనాన్నా, పిల్లలు పట్టుకున్నా కదలదు" అని రాశావు చూడు, ఆ మాట దగ్గరే ఆగిపోయాను. నా ఉద్యోగమంతా పోలీసు గుర్రపు దళంలోనే గడిచింది కాబట్టి చెబుతున్నా. అది సాధువో కాదో ఇప్పుడు నీకూ తెలియదు, నాకూ తెలియదు. కదిలే ఓపిక ఒంట్లో లేదు, అంతే. రెండు మూడు నెలలు కడుపునిండా తిన్నాక అసలు గుర్రం బయటికొస్తుంది. అప్పుడు చెవులు వెనక్కి వాల్చి మీదికొస్తుంది, కాలెత్తుతుంది, దాణా బకెట్ దగ్గరికి ఎవర్నీ రానివ్వదు. జాలిపడి తెచ్చుకున్నవాళ్ళు తిరిగి ఇచ్చేసేది సరిగ్గా అప్పుడే. ఆ రోజుకు నువ్వు ఇప్పటినుంచే సిద్ధపడాలని ఈ ఉత్తరం.

ముందు కాగితాలు చూసుకో. పోలీసులు కేసు పెట్టి పట్టుకున్న గుర్రమైతే కోర్టు తేల్చేదాకా అది నీ సంరక్షణలో ఉంటుందంతే, నీ సొంతం కాదు. ఎవరి నుంచి, ఏ హోదాలో నీ చేతికొచ్చిందో రాతలో ఉండాలి.

రక్తపరీక్ష విషయంలో మాత్రం మొహమాటపడకు. గ్లాండర్స్ అని గుర్రాలకొచ్చే రోగం మనుషులకూ అంటుకుంటుంది, ప్రాణం తీస్తుంది. పశువైద్యుడు తీసిన నమూనాను హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపించి పరీక్ష చేయిస్తారు. ఫలితం వచ్చేదాకా దాన్ని విడిగా కట్టు, దాని నీళ్ళ తొట్టి వేరేగా పెట్టు, ముక్కు నుంచి చీమిడి కారుతుంటే చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు, పిల్లల్ని దగ్గరికి పోనీయకు. ఈగల వల్ల వచ్చే సర్రా అనే రోగానికి కూడా అదే రక్తంతో పరీక్ష చేయించు. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేశారో తెలియదు కాబట్టి వేయలేదనే అనుకుని మొదలుపెట్టమను. మేకు గుచ్చుకున్నా చాలు, గుర్రాలకు ఆ రోగం తొందరగా వస్తుంది.

ఇక తిండి. దక్కించుకోవాలని తెచ్చిన గుర్రాల్ని చాలామంది పోగొట్టుకునేది ఇక్కడే. ఎండిపోయిన జీవాన్ని చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. నానబెట్టిన శనగలు, ఉలవలు, బెల్లం, రొట్టెలు బకెట్ నిండా పెట్టాలనిపిస్తుంది. వద్దమ్మా. చాలాకాలం ఆకలితో ఉన్న ఒళ్ళు తన కండ తానే కరిగించుకుని బతుకుతుంటుంది. అలాంటి ఒంట్లో ఒక్కసారిగా గింజలు పడితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో ఉన్న కాస్త ఫాస్ఫరస్, మెగ్నీషియం, పొటాషియం కణాల్లోకి వెళ్ళిపోతాయి. గుండె కొట్టుకోవడానికి, ఊపిరి ఆడడానికి కావలసింది రక్తంలో మిగలదు. మూడో రోజో ఐదో రోజో, "బాగానే తింటోంది" అని మనం సంతోషపడుతుండగానే గుర్రం కూలబడుతుంది.

అమెరికాలో డేవిస్ ఊళ్ళో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు ఇలా చిక్కిపోయిన గుర్రాలకు రకరకాల మేతలు పెట్టి చూసి, ఎండు లూసర్న్ గడ్డే మేలని తేల్చారు. అందులో పిండిపదార్థం తక్కువ, ఒంటికి కరువైన ఖనిజాలు ఎక్కువ. లూసర్న్ మన దగ్గర పాడి రైతులు పండిస్తారు కాబట్టి నీకు దొరకడం కష్టం కాదు. పచ్చిది పచ్చిగా వేయకు, ఎండబెట్టి వెయ్యి. మొదటి మూడు రోజులు నాలుగు గంటలకోసారి అర కిలో, రాత్రి కూడా. అలారం పెట్టుకుని లేవాల్సిందే. పెద్ద గుర్రానికి వాళ్ళు చెప్పిన లెక్క అది. నీది చిన్న ప్రాణం, అర కిలోకు కాస్త తగ్గించినా ఫర్వాలేదు, పెంచడం మాత్రం వద్దు. నాలుగో రోజు నుంచి కొద్దికొద్దిగా పెంచుకుంటూ, పూటలు తగ్గించుకుంటూ పో. పది రోజులు దాటాక, డాక్టర్ సరేనంటే, గడ్డి తిన్నంత తిననివ్వు. గింజల మాట ఒంటికి కండ పట్టాకే. నీళ్ళు, ఉప్పుగడ్డ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. కడుపులో పురుగులు పోవడానికి పట్టే మందు కూడా వచ్చిన రోజే పట్టించొద్దు, పేడ పరీక్ష చేయించి డాక్టర్ చెప్పినప్పుడే.

మీ తోటలో కంచె వెంబడి గన్నేరు ఉన్నట్టు గుర్తు. గుర్రం రాకముందే మొదలంటా తీయించు. రాలిన ఎండాకులు కూడా విషమే, వాటినీ ఊడ్పించు. కోళ్ళ దాణా, పశువుల దాణా దీనికి పెట్టకు. వాటిలో కలిపే మోనెన్సిన్ అనే మందు కోడికి, ఆవుకి మేలు చేసేదే అయినా గుర్రం గుండెను పాడుచేస్తుంది. లేత జొన్న మేస్తే పశువులకు విషమవుతుందని మీ పాలేరుకు తెలిసే ఉంటుంది, ఆ జాగ్రత్తే దీనికీ.

గుర్రం వాంతి చేసుకోలేదు. అందుకే దాని కడుపునొప్పి మనిషి కడుపునొప్పి కాదు. మాటిమాటికీ డొక్క వైపు తిరిగి చూడడం, కాలితో నేల తవ్వడం, పడుకుని లేచి మళ్ళీ పడుకుని దొర్లడం, పేడ వేయకపోవడం చూస్తే తెల్లారేదాకా ఆగకు. అప్పటికప్పుడు డాక్టర్‌కు ఫోన్ చెయ్యి. అది బాగున్న రోజుల్లోనే దాని నాడి లెక్కపెట్టడం నేర్చుకో. దవడ ఎముక లోపలి అంచున వేలు ఆనిస్తే తెలుస్తుంది. నిలకడగా ఉన్నప్పుడు నిమిషానికి 28 నుంచి 44 మధ్య ఉండాలి. 60 దాటితే తమాషా కాదు.

నోరు తెరిచి చూపించు. పెదవుల మూలల్లో గట్టిపడిన మచ్చలు ఫోటోలోనే కనిపిస్తున్నాయి. ముళ్ళ కళ్ళెం వేసి ఉంటారు. 1965 నుంచి మన దేశంలో అది నిషిద్ధం, అయినా ఊరేగింపుల్లో ఇంకా వాడుతున్నారు. ముందుపళ్ళకీ వెనకపళ్ళకీ మధ్య ఖాళీగా ఉండే చిగురు మీద ఆ ముళ్ళు దిగుతాయి. పైకి మానినట్టున్నా లోపల ఎముక దెబ్బతిని ఉండొచ్చు. తింటూ తింటూ సగం నమిలిన గడ్డి ఉండలు కింద పడేస్తోందేమో గమనించు. అలా పడేస్తే దంతాల అంచులు పదునెక్కి బుగ్గ కోసుకుంటోందని అర్థం, డాక్టర్‌తో ఆ అంచులు అరగదీయించాలి. అదేమైనా సరే, దాని నోట్లో ఇక ఏ కళ్ళెమూ పెట్టొద్దు. నోట్లో ఇనుము లేకుండా తలకు మాత్రమే తొడిగే మెత్తటి హాల్టర్ చాలు, నడిపించడానికైనా, ముందు ముందు ఎక్కడానికైనా.

మొదటి నెల శిక్షణ గిక్షణ ఏమీ వద్దు. రోజూ ఒకే వేళకు వెళ్ళు. ఎదురుగానో వెనకనుంచో కాకుండా భుజం వైపు నుంచి, మాట్లాడుతూ వెళ్ళు. సరిగ్గా ముక్కు ముందూ, తోక వెనకా ఉన్నది గుర్రానికి కనపడదు. పొద్దున్నే దాని ఒళ్ళు చూడు. డొక్క మీద మట్టి, గడ్డిపోచలు అంటుకుని ఉంటే రాత్రి పడుకుందన్నమాట. గుర్రం నిలబడి కునుకు తీయగలదు, కానీ గాఢనిద్ర కావాలంటే పడుకోవాల్సిందే. భయం ఉన్నచోట పడుకోదు. ఒంటరిగా ఉన్నా సరిగా పడుకోదు, అందుకే పరీక్షల ఫలితం రాగానే తోడు చూడు. ఇంకో గుర్రమైతే మంచిది, కుదరకపోతే గాడిదో మేకో. ఆ మట్టి మరక కనిపించిన రోజు నాకు ఫోటో పంపు. నీ దగ్గర అది కుదురుకుందని నేను నమ్మేది దాన్ని చూశాకే.

ఇక మూడో నెల. "తిని మదమెక్కింది, నాలుగు తగిలించు" అని మీ ఊళ్ళో పదిమంది పది రకాలుగా చెబుతారు. గింజలు ఎక్కువ పెడుతుంటే తగ్గించు, ఆ మేరకు వాళ్ళ మాటలో నిజముంది. కానీ అది ఎదురుతిరిగినప్పుడు ముందు నొప్పి ఎక్కడుందో వెతుకు. గిట్టా, పన్నా, వీపా? ఏదీ కాకపోతే భయం. ఇన్నాళ్ళూ కాదనే శక్తి లేక ఊరుకుంది, ఇప్పుడు కాదంటోంది. దాన్ని కొడితే పాత యజమాని దగ్గర నేర్చుకున్నదే నీ దగ్గరా నిజమని తేల్చుకుంటుంది. అలాగని భయపడి నువ్వు వెనక్కి తగ్గితే, కాలెత్తితే మనుషులు పారిపోతారని నేర్చుకుంటుంది. అందుకే చిన్న పని అడుగు. హాల్టర్ తాడు కాస్త బిగించి ఒక్క అడుగు ముందుకు రమ్మను. అడుగు వేసిన క్షణంలోనే తాడు వదులు చెయ్యి. గుర్రానికి పాఠం చెప్పేది ఆ వదలడమే, లాగడం కాదు. ఒక్క అడుగు వస్తే ఆ రోజుకు చాలు. దాణా మాత్రం కంచె అవతలి నుంచి పెట్టు, ధైర్యం చూపించడానికి అది చోటు కాదు.

బ్యాండ్ శబ్దం సంగతి వేరు. డప్పుకు అడుగులేయడం దానికి ముంగాళ్ళ మీద కొట్టి నేర్పించి ఉంటారు. రోడ్డు మీద పెళ్ళి ఊరేగింపు వినిపిస్తే తోటలో అది కాళ్ళెత్తి ఆడుతుంది. చుట్టాలు ముచ్చటపడి వీడియోలు తీస్తారు. ఆ టైంలో నువ్వు దాని మెడ కింద చెయ్యి పెట్టి చూడు, చెమట పట్టి ఉంటుంది. ఎవర్నీ ఆడించనివ్వకు. మా దళంలో గుంపులకూ టపాసులకూ గుర్రాల్ని అలవాటు చేసిన పద్ధతే దీనికీ పనికొస్తుంది. అది గడ్డి తింటున్నప్పుడు దూరంగా ఫోన్లో డప్పు శబ్దం చాలా చిన్నగా పెట్టు. దాని దవడ చూస్తూ ఉండు. నములుతున్నంతసేపూ ఫర్వాలేదు. నమలడం ఆపి తలెత్తిందంటే మోతాదు మించింది, శబ్దం తగ్గించు, ఇంకాస్త దూరం పో. రేపు మళ్ళీ అక్కడినుంచే మొదలుపెట్టు. వారాలు పడుతుంది, నెలలైనా పట్టొచ్చు. పెళ్ళిళ్ళ సీజన్ మొదలయ్యేలోపు అయిపోవాలని టెన్షన్ పెట్టుకోకు. ముహూర్తాలున్న రాత్రుళ్ళు దాన్ని రోడ్డుకు దూరంగా, తోడుతో పాటు కట్టేసుకో.

ఎక్కడం గురించి అడిగావు. వీపు మీద వెన్నెముకకు అటూ ఇటూ కండ నిండాకే ఆ ఆలోచన. జీనుతో సహా బరువు దాని బరువులో ఐదో వంతు దాటకూడదు. 300 కిలోల గుర్రమైతే 60 కిలోలు, అంటే మీ ఆయన ఎక్కకూడదు. ఎప్పటికీ ఎక్కలేని స్థితి కూడా రావచ్చు. అప్పుడైనా ఉంచుకుంటావా అన్నది తెచ్చుకోకముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. గుర్రాలు పాతికేళ్ళు దాటి కూడా బతుకుతాయి.

శుక్రవారం బండి వస్తుందన్నావు కదా. దింపగానే నీళ్ళు పెట్టి, నీడలో వదిలెయ్యి, ఆ రోజు స్నానాలూ అలంకారాలూ వద్దు. ముక్కు మీద గులాబీరంగు చర్మం ఎండకు కాలిపోతుంది, జింక్ ఆక్సైడ్ క్రీమ్ తెచ్చి ఉంచు. నేను ఆదివారం వస్తా. పాతబస్తీ నుంచి నాకు తెలిసిన నాల్బంద్‌ను, అంటే లాడాలు కొట్టేవాణ్ణి, వెంటబెట్టుకొస్తా. తారురోడ్డు కోసం కొట్టిన ఆ లాడాలు తీసేసి, గిట్టలు చెక్కించి, మీ ఎర్రమట్టిలో వట్టి కాళ్ళతో తిరగగలదేమో చూద్దాం. అప్పటిదాకా లాడం ఊగుతున్నా ఎవర్నీ పటకారుతో పీకనివ్వకు, గిట్ట గోడ చీలితే మానడానికి నెలలు పడుతుంది.

మీ పెదనాన్న