ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఎక్కువుందట, నా ఆయుష్షు తగ్గిపోతుందా డాక్టర్?

ప్రశ్న: నా వయసు 58. ఈమధ్య హెల్త్ చెకప్‌లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ పరీక్ష కూడా చేశారు. రిపోర్టులో ‘హై’ అని వచ్చింది. దీనివల్ల తొందరగా ముసలితనం వస్తుందని, ఆయుష్షు తగ్గుతుందని చదివినప్పటి నుంచి సరిగా నిద్ర పట్టడం లేదు. ముప్పై ఏళ్లుగా సిగరెట్లు తాగుతున్నాను. తెలిసినవాళ్లు చెబితే బీటా కెరోటిన్, విటమిన్ ఇ ఉన్న యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్స్ మొదలుపెట్టాను. ఎన్నాళ్లు వాడాలి?

జవాబు: ముందు ఆ క్యాప్సూల్స్ ఆపేయండి. పొగ తాగేవాళ్లకు బీటా కెరోటిన్ మంచిది కాదు, ఇది గట్టిగానే చెబుతున్నాను. ఫిన్లాండ్‌లో పొగ తాగే 29 వేల మందికి పైగా మగవాళ్ల మీద పెద్ద పరిశోధన చేశారు, అందరూ ఇంచుమించు మీ వయసువాళ్లే. బీటా కెరోటిన్ ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని ఆశపడ్డారు. 1994లో ఫలితాలు చూస్తే అది వేసుకున్నవాళ్లలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువ, మరణాలు 8 శాతం ఎక్కువ. తర్వాత అమెరికాలో బీటా కెరోటిన్‌కు విటమిన్ ఎ కలిపి ఇచ్చిన పరిశోధననైతే, మరణాలు పెరుగుతున్నాయని 1996లో మధ్యలోనే ఆపేశారు. విటమిన్ ఇ సంగతి కూడా అంతంతమాత్రమే. రోజూ 400 యూనిట్లు వేసుకున్న మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా కనిపించింది.

ఇక మీ భయం గురించి. ఇక్కడ స్ట్రెస్ అంటే మనసుకుండే టెన్షన్ కాదు. మనం పీల్చే ఆక్సిజన్‌తో కణాలు శక్తి తయారుచేసుకునేటప్పుడు ఫ్రీ రాడికల్స్ అనేవి పుడతాయి, వాటిని అదుపులో ఉంచే ఎంజైములు కూడా మన కణాల్లోనే ఉంటాయి, పుట్టేవి ఎక్కువై అదుపు చేసేవి చాలకపోతే డీఎన్‌ఏ, కొవ్వులు, ప్రోటీన్లు దెబ్బతింటాయి, దాన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటున్నారు. ముసలితనానికి ఇదే కారణం కావచ్చని డెన్హామ్ హార్మన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1956లోనే ప్రతిపాదించారు. వినడానికి చాలా సబబుగా ఉంటుంది, అందుకే అంతగా పాకింది. కానీ కథ అంత సూటిగా లేదు. నేకెడ్ మోల్ ర్యాట్ అనే చిన్న జంతువులో చిన్న వయసు నుంచే ఈ డ్యామేజీ ఎక్కువగా కనిపిస్తుంది, అయినా మామూలు ఎలుక మూడు నాలుగేళ్లు బతికితే అది ముప్పై ఏళ్లు దాటి బతుకుతుంది. అసలు ఫ్రీ రాడికల్స్ పూర్తిగా శత్రువులు కూడా కావు, తెల్ల రక్తకణాలు క్రిముల్ని చంపేది వాటి సాయంతోనే. వ్యాయామం చేసినప్పుడు కాసేపు అవి పెరగడం వల్లే ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలవుతుందని, వ్యాయామంతోపాటు విటమిన్ సి, ఇ మాత్రలు వేసుకున్నవాళ్లకు ఆ లాభం దక్కలేదని 2009లో ఒక జర్మన్ పరిశోధనలో తేలింది.

మరి మరణాలతో సంబంధం లేదా అంటే, ఉంది. వయసు మళ్లినవాళ్లను ఏళ్ల తరబడి గమనించినప్పుడు రక్తంలో ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ను చూపే సూచికలు ఎక్కువున్నవాళ్లలో మరణాలు కాస్త ఎక్కువగానే కనిపించాయి. అయితే అది వేలమందిని కలిపి వేసిన లెక్క, మీరు ఎన్నేళ్లు బతుకుతారో మీ రిపోర్టులోని ఒక్క అంకె చెప్పజాలదు. పైగా సిగరెట్, షుగర్, బీపీ, ఊబకాయం, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు, ఇవన్నీ ఆ అంకెను పెంచేవే. థర్మామీటర్‌ని చన్నీళ్లలో ముంచితే అంకె దిగుతుంది గానీ జ్వరం దిగదు కదండీ. మాత్రలతో ఆ అంకెను దించాలని చూడటం కూడా అలాంటిదే.

మీ విషయంలో జ్వరం సిగరెట్. ఒక్కసారి పీల్చిన పొగతోనే లెక్కలేనన్ని ఫ్రీ రాడికల్స్ లోపలికి పోతాయి. ఈ వయసులో మానేసి ఏం లాభం అని దయచేసి అనుకోకండి. రిచర్డ్ డాల్ అనే బ్రిటిష్ పరిశోధకుడి బృందం 34 వేలమందికి పైగా బ్రిటిష్ మగ డాక్టర్లను 1951 నుంచి యాభై ఏళ్లు గమనించింది. అరవై ఏళ్ల వయసులో మానేసినవాళ్లకు కూడా, మానకుండా తాగినవాళ్లతో పోలిస్తే దాదాపు 3 ఏళ్ల ఆయుష్షు కలిసొచ్చింది. యాభైలో మానేసినవాళ్లకు దాదాపు 6 ఏళ్లు. మీకింకా 58. ఆయుష్షు గురించే అడిగారు కాబట్టి చెబుతున్నా, ఇంత లాభం చూపించిన యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్ నాకు తెలిసి ఒక్కటీ లేదు.

ముప్పై ఏళ్ల అలవాటు పట్టుదలతోనే పోవాలని లేదు. నికోటిన్ ప్యాచ్‌లు, గమ్, వరెనిక్లిన్ మాత్రలు ఉన్నాయి, మీకేది సరిపడుతుందో డాక్టర్ చూసి రాస్తారు. మొదటిసారి కుదరకపోతే మళ్లీ ప్రయత్నించండి, చాలామంది రెండు మూడుసార్లు తడబడ్డాకే మానగలిగారు. పళ్లు, కూరగాయలు బాగా తినండి, ఆహారంలో సహజంగా ఉండే బీటా కెరోటిన్‌తో భయం లేదు, చిక్కంతా క్యాప్సూల్‌లో పెద్ద మోతాదుతోనే. రోజూ నడవండి.

ఆక్సిడేటివ్ స్ట్రెస్ పరీక్ష మళ్లీ చేయించుకోనక్కర్లేదు. దాని బదులు బీపీ, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) చూపించుకోండి. గట్టిగా గురక పెడతారని ఇంట్లోవాళ్లు అంటుంటే ఆ మాట డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే విటమిన్ ఇ వేసుకున్నన్ని రోజులూ రక్తస్రావం ముప్పు ఉన్నట్టే, కాబట్టి ఆ సీసా కూడా వెంట తీసుకెళ్లి చూపించండి. ఒకవేళ ఆ క్యాప్సూల్స్ కంటి రెటీనా సమస్యకు కంటి డాక్టర్ రాసినవైతే, సిగరెట్ తాగుతానని ఆయనకు చెప్పండి, బీటా కెరోటిన్ లేని రకం రాస్తారు.