వేలిముద్ర అడిగారు, సలహా అడగలేదు

ప్రశ్న: మా తాతగారు టెక్కలి వైపు తీరం నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. మా ఊళ్లో అందరం వాడబలిజలమే, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. బయట మమ్మల్ని నోలియాలంటారు. తాబేళ్ల కోసం వేట ఆపే విషయమై ఆమధ్య జరిగిన సమావేశానికి మా ఊరి నుంచి ఇద్దరిని పిలిచారు. మాటలన్నీ ఒడియాలో సాగాయి. చివర ఒక కాగితం మీద వేలిముద్రలు వేయించుకున్నారు. అందులో ఏముందో ఇప్పటికీ మాకు తెలియదు. పక్క ఊరివాళ్లు మాత్రం, వలస వచ్చినవాళ్లకు అడిగే హక్కేమిటంటున్నారు. సముద్రం మీద చేసే నిర్ణయాలలో మాకు చోటు అడగవచ్చునా?
— ఒక మత్స్యకారుడు, గోపాలపూర్ ప్రాంతం, గంజాం జిల్లా

జవాబు: తప్పకుండా అడగవచ్చు. అయితే ముందుగా 'వలస' అన్న మాట సంగతి తేల్చుకుందాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, టెక్కలి కూడా ఆ జిల్లాలోదే. మీ తాతగారు అంతకుముందే వచ్చి ఉంటే ఆయన ఒకే జిల్లాలో ఒక రేవు విడిచి మరో రేవుకు మారారే తప్ప ఏ సరిహద్దూ దాటలేదు. సరిహద్దే తరువాత వచ్చి ఆయన వెనుక నిలబడింది. పూరీ పెంటకటాలోని మనవాళ్ల సంగతి వేరు, వాళ్ల పెద్దలు నిజంగానే పరాయి ప్రాంతానికి వెళ్లారు. ఎప్పుడు వచ్చినా, ఎక్కడి నుంచి వచ్చినా, దేశంలో ఎక్కడైనా స్థిరపడి వృత్తి చేసుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది కనుక పక్క ఊరివారి మాటకు చట్టంలో బలం లేదు.

ఇక నిర్ణయాల విషయం. ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు ధామ్రా, దేవి, ఋషికుల్యా నదీముఖాల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల వరకు వేటను ఒడిశా ప్రభుత్వం నిషేధిస్తోంది. దీనికి తోడు తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల విరామం మరబోట్లకు ఉండనే ఉంది. నా అభిప్రాయంలో ఇలాంటి నిబంధన కాగితం మీద దిట్టంగా ఉండి నీళ్ల మీద పలచబడటానికి ముఖ్యకారణం, దాన్ని రాసేవారికి ఏ వల ఏం చేస్తుందో చెప్పవలసినవారు ఆ గదిలో లేకపోవడమే. రాత్రంతా నీటిలో వదిలేసిన చిక్కుడు వలలో పడ్డ తాబేలు గాలి కోసం పైకి రాలేక చనిపోతుంది. ఒడ్డు నుంచి రెండు తాళ్లు పట్టి లాగే అలివి వలలో పడ్డ తాబేలును మీరు ఇసుక మీదికి రాగానే బతికుండగానే విడిపించి నీటిలో వదలగలరు. ఈ తేడాను సమావేశంలో నోరు విప్పి చెప్పగలిగేది తాళ్లు లాగిన చేతులున్నవాళ్లే.

అడగడానికి దారులున్నాయి. 2011, 2019 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ల ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా తీర కమిటీలో మత్స్యకారులతో సహా స్థానిక సంప్రదాయ తీరవాసుల ప్రతినిధులు కనీసం ముగ్గురు ఉండాలి. మీ కులపెద్దలు కూర్చుని ఒక పేరు తీర్మానించి కలెక్టరుకు పంపండి. ఆ అర్జీ తెలుగులో ఉన్నా ఫరవాలేదు: దేశంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి ఫిర్యాదు ఇచ్చుకోవచ్చునని 350వ అధికరణం చెబుతోంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చిన్నతరహా మత్స్యవృత్తిపై 2014లో ఆమోదించిన మార్గదర్శకాలు కూడా వలస మత్స్యకారుల పాత్రను గుర్తించి, స్థానిక కట్టుబాట్లను దెబ్బతీయనివారిని కలుపుకుపొమ్మంటున్నాయి. అది చట్టం కాదు, కానీ అర్జీలో ఒక వాక్యంగా పనికివస్తుంది.

స్థానిక కట్టుబాట్లన్న షరతును తేలికగా తీసుకోకండి. 1975 తరువాత అమెరికాలోని టెక్సాస్ తీరానికి చేరిన వియత్నాం శరణార్థులు రొయ్యల వేటకు, పీతల వేటకు దిగినప్పుడు, ఎవరి ఉచ్చులకు ఎవరు ఎంత దూరం పాటించాలన్న అక్కడి రాయని నియమాలు వారికి ఎవరూ చెప్పలేదు. అది పగగా మారి 1979లో సీడ్రిఫ్ట్‌లో ఒక ప్రాణం పోయింది, 1981లో శరణార్థులు తమపై బెదిరింపులు ఆపించడానికి కోర్టుకెక్కి గెలిచారు. మీ తీరంలోనూ ఎవరి అలివి ఎప్పుడు వేయాలన్న వంతులు ఏ గెజిట్‌లోనూ ఉండవు. అందుకే ఒక ప్రశ్న మీకూ వేస్తున్నాను, కోపగించుకోకండి: నిన్నగాక మొన్న దక్షిణం నుంచి వచ్చిన బోటువాళ్లను మీ కులపెద్దల కూటమికి ఎప్పుడైనా పిలిచారా?

సమావేశానికి వట్టి చేతులతో వెళ్లవద్దు. ఊళ్లో నాలుగైదు తెప్పల వాళ్లు ఒక సంవత్సరం పాటు పిల్లల నోటుబుక్కులోనే తేదీ, వల కన్ను కొలత, పడిన కవళ్లు, కానాగంతలు వంటి చేపలు, చిక్కిన తాబేళ్లు, వాటిలో బతికినవెన్ని అని రాసుకుంటే చాలు. వల వేసిన చోటును, మీరు రోజూ చూసుకునేట్టు దీపస్తంభం వెనకాల ఏ కొండ, ఏ తాడిచెట్టు వరుసలోకి వచ్చిందో అలాగే రాయండి. అబద్ధపు అంకెలు వేయకండి, నాలుగు తాబేళ్లు చచ్చి ఉంటే నాలుగనే రాయండి. ఒకసారి పట్టుబడితే ఆ తరువాత మీ పుస్తకాన్ని ఎవరూ తెరవరు.

వేలిముద్రలు వేసిన ఆ కాగితం నకలు సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఇక్కడ మాత్రం తెలుగు చెల్లదు: ఆ దరఖాస్తు ఇంగ్లీషులోగాని, హిందీలోగాని, ఆ ప్రాంతపు అధికార భాషలోగాని ఉండాలి, అంటే మీకు ఒడియా. బడికి వెళ్లే మీ పిల్లలలో ఒడియా రాయగలవాళ్లు తప్పక ఉంటారు, వారిచేత రాయించండి. ఎవరూ లేకపోతే మీరు నోటితో చెప్పినదాన్ని రాతలో పెట్టడానికి సాయపడవలసిన బాధ్యత ఆ కార్యాలయపు సమాచార అధికారిదే. 30 రోజులలో జవాబు రావాలి. నకలు చేతికి వచ్చాక, వచ్చే సమావేశానికి వెళ్లకముందే దాన్ని ఊరందరి ముందు తెలుగులో చదివించండి.