ఎండని చేప

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "అక్కా, ఇది పిల్లాణ్ణి బడి మాన్పించేసిందే" అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ముప్పై రెండేళ్లు బళ్లో పాఠాలు చెప్పినదాన్ని, నా చెల్లెలి కూతురే బడి వద్దంటే నాకు రోషం రాదా? వచ్చింది. ఆ కోపంతోనే పడుకున్నాను. పొద్దున కాఫీ తాగుతుంటే, కథ చదివి దానికి తగ్గ బొమ్మలు వాడి చేత చేయిస్తున్నావన్న మాట గుర్తొచ్చింది. ఎందుకో లేచి బీరువాలో నా పాత కత్తెర వెతుక్కున్నాను.

మామూలు సంగతులు ముందు. రోజుకో కథ వద్దు, వారానికొకటి చాలు. పిల్లలకి విన్న కథే మళ్లీ కావాలి. కింద పాత పేపర్లు పరుచు. శనివారం పక్కింటి పిల్లల్ని కూడా పిలువు, వాడొక్కడే పెరగకూడదు. పరీక్షలంటావా, పద్నాలుగేళ్లు నిండితే ఎన్‌ఐఓఎస్ అనే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూలు బోర్డులో పది రాయొచ్చు. ఈ ముక్క మీ అత్తగారి చెవిన వెయ్యి, ఆవిడ టెన్షన్ కాస్త తగ్గుతుంది.

జిగురు కొనకు. మైదాపిండి ఉండల్లేకుండా నీళ్లలో కలిపి సన్న మంట మీద ఉడికించు. పుస్తకాలు బైండు చేసేవాళ్లు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవాళ్లు. నువ్వు కలపకు, అది విషం. పాడైతే పారేసి కొత్తది చేసుకో.

ఇక గింజలు. నవ్వకు, ఇది అన్నిటికంటే ముఖ్యం. బొమ్మల కళ్లకి బాగుంటాయని గురివింద గింజలు ఇంట్లోకి తేవద్దు. పిల్లలు నమిలి మింగితే ప్రాణం మీదికి వస్తుంది. చింతపిక్కలైనా, పూసలైనా లెక్కపెట్టి ఇవ్వు, లెక్కపెట్టి తీసుకో. మీ అన్నయ్యకి నాలుగేళ్లప్పుడు నేను బడి కోసం రంగుకాగితాలు కత్తిరిస్తూ కూర్చుంటే, వాడు నా పక్కనే కూర్చుని చింతపిక్క ముక్కులో దూర్చుకున్నాడు. రాత్రి పదింటికి మీ పెదనాన్న సైకిలు తొక్కుతుంటే, వెనక వాణ్ణి పట్టుకుని నేను. డాక్టరు చిన్న కొక్కెంతో దాన్ని లాగి నా అరచేతిలో పెట్టాడు. వాడికిప్పుడు నలభై నాలుగు. ఇప్పటికీ వాడు గట్టిగా తుమ్మితే నా గుండె జారుతుంది.

ఇంతకీ ఉత్తరం రాయాలనిపించింది వీటి గురించి కాదు.

దివిసీమలో పని చేసేటప్పుడు నాది రెండో తరగతి, ముప్పై ఎనిమిది మంది పిల్లలు. పై అధికారులు చూడ్డానికి వస్తున్నారని చెప్పారు. గోడ నిండా ఏదైనా పెట్టాలని ఏడు చేపల కథ ఎత్తుకున్నాను. రెండు రాత్రులు మేలుకుని ఒకే అచ్చు పెట్టి ముప్పై ఎనిమిది చేపలు కత్తిరించాను. పిల్లలు చెయ్యాల్సిందల్లా గీత దాటకుండా రంగు వెయ్యడమే.

చివరి వరసలో ఒక పిల్లాడు. వాళ్లది చేపలు పట్టే కుటుంబం. నేను చూసేసరికి వాడు తన చేపని తాగే నీళ్ల గ్లాసులో ముంచి తీస్తున్నాడు. రంగంతా కారిపోయి, కాగితం తడిసి ముద్దయింది. పైన రెండు గడ్డిపోచలు పెట్టాడు. "ఏంట్రా ఇది?" అంటే, "ఇది ఎండనిది టీచర్" అన్నాడు. నేను దాన్ని చెత్తబుట్టలో పడేసి, నేనే ఇంకో చేప కత్తిరించి, రంగు వేసి వాడి పేరు రాసి గోడకి అంటించాను. వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. గోడ మీద ముప్పై ఎనిమిది చేపలు, అన్నీ చక్కగా ఎండినవే. ఎండని చేప లేకపోతే ఇక ఆ కథెక్కడిది? గడ్డిమోపునీ, ఆవునీ, అవ్వనీ, చీమనీ అడగాల్సిన పనేముంది? తరగతిలో ఆ కథ అర్థమైంది వాడొక్కడికే. అది నాకు తట్టింది కొన్నేళ్ల తరవాత, సంతలో ఎండుచేపలు బేరం చేస్తుంటే. అమ్మే ఆవిడ "పచ్చి ఉందంటే వాసనొస్తుందమ్మా, మేం ఇసకలో రెండు వైపులా తిప్పి ఎండేస్తాం" అంది. అక్కడే నిలబడిపోయాను. ఆ పిల్లాడు పుట్టినప్పటి నుంచీ వాళ్లమ్మ ఆ పని చేస్తుంటే చూస్తూ పెరిగినవాడు.

ఆ తరవాత ఏడాదంతా వాడు బొమ్మ వేసే ముందు నా దగ్గరికొచ్చి "ఏ రంగు వెయ్యాలి టీచర్?" అని అడిగేవాడు. బుద్ధిమంతుడయ్యాడని సంతోషించాను కూడా.

వాడు చేశాడంటూ మీ అమ్మ నాకు కాగితపు ఏనుగు ఫోటో పంపింది. ఐదున్నరేళ్లవాడు తొండం అంత గుండ్రంగా కత్తిరించలేడు. అది నీ చెయ్యి. నాకు తెలియదా? పదేళ్లప్పుడు ముగ్గులో ఒక చుక్క పక్కకి పోయిందని మొత్తం చెరిపేసి, చీకటి పడేదాకా మళ్లీ వేసినదానివి. ఆ రోజు నీ వేళ్లు పగిలితే వెన్న రాసింది నేనే. అందుకే తిట్టాలన్నా చెయ్యి రావడం లేదు.

కథ అయిపోయాక పుస్తకం మూసి, కాగితాలూ మట్టీ జిగురూ వాడి ముందు పెట్టి, నువ్వు బఠాణీలు వలుచుకో. "ఏం చేస్తావు?" అని కూడా అడగకు. అందరూ చేపలు చేస్తే వాడు చీమ వేలు కుట్టిన పుట్ట ఒక్కటే చేస్తాడేమో, చెయ్యనీ. ఒక్కోసారి కథ విని ఊరికే కూర్చుంటాడు. ఆ రోజు కత్తెర తియ్యనే తియ్యకు.

సంక్రాంతికి రండి. వాణ్ణి కొండపల్లి తీసుకెళ్తాను. అక్కడ బొమ్మలు చెక్కే పొణికి కర్ర ఎంత తేలికో పట్టుకుని చూస్తాడు. చింతగింజల పిండితో చేసిన జిగురుతో బొమ్మకి చేతులు అతికిస్తారు అక్కడ. చింతగింజలకి ముక్కు కంటే మంచి చోటుందని మీ అన్నయ్య కూడా చూస్తాడు.

ఈలోగా వాడు చేసిన చేప ఒకటి నాకు పంపు. ఫోటో వద్దు, కాగితమే కవర్లో పెట్టి పంపు. తడిగా ఉన్నా ఫరవాలేదు.

మీ పెద్దమ్మ